వేడికి కరగని జిగురు

మా చెల్లెలికి నెలలు నిండకుండానే నొప్పులు వచ్చాయి. ఎనభైల మొదట్లో సంగతి. డిసెంబరు నెల, పొద్దెక్కినా మంచు విడవని రోజులు. నేనప్పుడు నందిగామలో ప్రాథమిక పాఠశాల టీచర్ని. వారమంతా అక్కడ అద్దె గదిలో ఉండి, శనివారం సాయంత్రం బస్సెక్కి జగ్గయ్యపేటలో అమ్మ దగ్గరికి వచ్చేదాన్ని. చెల్లెలు పురిటికని మైలవరం నుంచి వచ్చి అమ్మ దగ్గరే ఉంది. నాన్న పోయి చాలా కాలమైంది. మరిది మైలవరంలో ఎరువుల కొట్లో పని చేసేవాడు. సెలవు దొరికినప్పుడు వచ్చి చూసి వెళ్ళేవాడు.

నేను వెళ్ళేసరికి పాప పుట్టేసింది. చిన్న ఆసుపత్రి. అమ్మ ఒక గుడ్డల మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ మూటలో పిల్ల ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. వీపు మొత్తం నా అరచేతిలో ఇమిడిపోయింది. చర్మం ఉల్లిపొరలా ఉంది, లోపలి నరాలు కనిపిస్తున్నాయి. ఏడిస్తే ఆ ఏడుపు గది గడప దాటలేదు.

"ఎనిమిదో నెల," అంది అమ్మ, పిల్లకు వినపడకూడదన్నట్టు మెల్లగా. ఏడో నెలలో పుట్టిన పిల్లలు నిలుస్తారు గానీ ఎనిమిదో నెల పిల్లలు నిలవరని మా వైపు ఒక నమ్మకం. అలాంటివి నేను నమ్మనని అందరికీ చెప్పేదాన్ని. ఆ సాయంత్రం నమ్మాను.

డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచింది.

"పాలు చీకుతోంది, అది మంచిదే. భయమల్లా చలితోనే. బెజవాడ పెద్దాసుపత్రిలో ఇలాంటి పిల్లలకి వెచ్చటి పెట్టెలుంటాయి. కానీ ఈ చలిలో అంతదూరం తీసుకెళ్ళేసరికి పిల్ల చల్లబడిపోతుందేమో. మీరు వెచ్చగా ఉంచగలిగితే ఇక్కడే చూద్దాం. తల్లి గుండెలకి ఆనించుకుని ఉంచాలి. తల్లి నిద్రపోయేటప్పుడు పక్కన బల్బు పెట్టుకోండి. కుంపటి మాత్రం వద్దు, ఆ పొగ పిల్లకి పడదు."

"బల్బు ఎలా పెట్టాలండీ?"

"దూరంగా పెట్టాలి. పోయిన చలికాలంలో ఒకళ్ళు బల్బుకి గుడ్డ చుట్టి పక్కలో పెట్టారు. గుడ్డ అంటుకుంది."

ఆ పిల్ల ఏమైందని నేను అడగలేదు.

మరునాడు పాపను ఇంటికి తెచ్చాం. మాది నాపరాళ్ళ గచ్చు, పెంకుటి కప్పు. ఎండాకాలం కాలిపోయే ఆ ఇల్లు చలికాలంలో బావిలా చల్లగా ఉంటుంది. నులకమంచం చుట్టూ దుప్పట్లు కట్టి గుడారంలా చేశాం. చెల్లెలు పాపను రవికె లోపల పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చునేది. అది తూలిపోతున్నప్పుడు అమ్మ తీసుకునేది, అమ్మ తర్వాత నేను. ముగ్గురం ఎంతకాలం అలా కూర్చోగలం? నిద్రలో చెయ్యి జారితేనో, పిల్ల మీదికి ఒరిగిపోతేనో అని ఒకటే దిగులు. పగలు కూడా మేం గట్టిగా మాట్లాడుకునేవాళ్ళం కాదు.

అమ్మ పాస్టరుగారిని పిలిపిద్దామంది. "ప్రార్థన చేయించి పేరు పెట్టించేద్దామే," అంది.

"ఇప్పుడే పేరెందుకమ్మా? పెద్దయ్యాక పెట్టుకుందాం."

"పేరు లేకుండా ఎలాగ?" అని ముఖం తిప్పుకుంది. ఎందుకు తొందరపడుతోందో నాకర్థమైంది. పేరు లేని పిల్లను సమాధుల దొడ్డికి తీసుకెళ్ళాల్సి వస్తుందని ఆమె భయం. చెల్లెలు దుప్పట్ల వెనకనుంచి వింటోందని ఇద్దరికీ తెలుసు.

నేను దీపం తయారు చేద్దామనుకున్నది ఆ పూటే. బడికి సెలవు పెట్టాను. నాన్న మిషను బళ్ళో పిల్లలకు చెక్కపని నేర్పేవాడు. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని నేనూ కొంత నేర్చుకున్నాను. రంపం, ఉలి, చిత్రిక ఇంట్లోనే ఉన్నాయి. సరుకులొచ్చిన పాత చెక్కపెట్టె ఒకటి విడగొట్టాను. నా ఆలోచన ఏమిటంటే, నాలుగు మూలలా మంచానికి ఉన్నట్టు కోళ్ళు నిలబెట్టి, కింద, వెనక చెక్క, మిగిలిన మూడు పక్కలా అద్దం, పైన వేడి పోవడానికి ఖాళీ. లోపల బల్బు. అప్పుడు ఏ గుడ్డా పొరపాటున బల్బుకు తగలదు. రేకుతో చేయమని అమ్మ అంది. రేకు వేడెక్కితే తగిలినచోటల్లా కాలుతుంది. పైగా వెలుతురు రాదు. పాప పెదవులు నీలంగా మారుతున్నాయేమో చూస్తూ ఉండమని డాక్టరమ్మ చెప్పింది. చీకట్లో పెదవులు ఎలా చూస్తాం?

అద్దాలకు గోడమీది పటాలు దింపాను. పటాల అద్దం పల్చన. మేకులు కొడితే పగిలిపోతుంది. అందుకని చెక్కకు జిగురుతోనే అంటించాలి. అక్కడ మొదలైంది నా కష్టం. బల్బు వేడికి నిలిచే జిగురు ఏది?

బజారులో ఇనప సామాన్ల కొట్లో చెక్కకు వాడే తెల్ల జిగురు ఇచ్చారు. దాంతో అంటించి, మర్నాటిదాకా ఆరనిచ్చి, వరండాలో బల్ల మీద పెట్టి బల్బు వేశాను. అద్దం గట్టిగా పట్టుకుంది. ఊపి చూశాను, కదల్లేదు. సంతోషపడి లోపలికెళ్ళి పాపను కాసేపు ఎత్తుకున్నాను. తిరిగొచ్చి చూస్తే అద్దం పై అంచు చెక్క అంచుకంటే కిందికుంది. పడలేదు, జారింది. వేలు పెట్టి చూస్తే జిగురు మీగడలా మెత్తగా ఉంది. నేను చూస్తుండగానే ఇంకొంచెం జారింది, చప్పుడు లేకుండా.

పగిలి కిందపడినా నేనంత భయపడేదాన్ని కాదేమో. పగిలితే చప్పుడవుతుంది, ఎవరో ఒకరం లేస్తాం. ఇలా మెల్లగా, అందరం పక్కనే ఉండగా, పిల్ల ముఖం మీదికి దిగితే? స్విచ్చి తీసేసి, అద్దం ఊడదీసి, అమ్మకు కనపడకుండా కొంగుతో తుడిచాను.

వడ్రంగులు కాచి పూసే జిగురు ఉంది. అది తెచ్చి పొయ్యి మీద పెడితే ఇల్లంతా తోలు కంపు. "పురిటింట్లో ఇదేం వాసనే," అని అమ్మ కసిరింది. పైగా ఆ జిగురుకు తడి పడదు. గదిలో పాప గుడ్డలు ఆరేసే ఉంటాయి, చెమ్మ ఉంటుంది. సైకిలు ట్యూబులకు పంచరు వేసే సొల్యూషన్ గుర్తొచ్చింది గానీ, డబ్బా మూత తీస్తే పెట్రోలు వాసన గుప్పున కొట్టింది. బల్బు పక్కన అది పెడితే ఇంకేమైనా ఉందా? మూత పెట్టి పెరటి గోడవతల పెట్టించాను. లక్క సంగతి చెప్పనక్కరలేదు, పోస్టాఫీసులో కొవ్వొత్తి చూపిస్తే కారిపోయే వస్తువు. కిటికీ అద్దాలకు పెట్టే లప్పం ఆరడానికి వారాలు పడుతుంది. మాకు వారాలు లేవు.

సెలవు అయిపోయింది. నందిగామ వెళ్ళక తప్పలేదు. ఇక రోజూ పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేయాలని నిశ్చయించుకున్నాను. మొదటిరోజే బడి వదిలాక, రోడ్డు పక్కన పంపుసెట్ల సామాన్లు అమ్మే కొట్టుకు వెళ్ళాను. లోపల మోటార్లకు తీగ కూడా చుట్టేవాళ్ళు. ఆ కొట్టాయన కూతురు నా క్లాసులోనే చదివేది.

"వేడికి తట్టుకునే జిగురు కావాలండీ. చెక్కకి అద్దం అంటించాలి."

ఆయన రెండు ట్యూబులున్న చిన్న పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. "ఇందులోది కొంచెం, అందులోది కొంచెం సమంగా కలిపి పూయాలి టీచరుగారూ. ఆరిందంటే రాయే. ఎంత వేడి తగుల్తది?"

"బల్బు వేడి. రోజంతా."

"దేనికండీ?"

చెప్పాను. ఆయన పెట్టె మీదనుంచి చెయ్యి తీసేశాడు.

"మోటార్ల దగ్గర వాడతానండి. మోటారు మరీ కాగితే ఇది కూడా మెత్తబడుద్ది. చల్లారితే మళ్ళీ గట్టిపడుద్ది. మోటారైతే పోతే పోయిందనుకుంటాం. పసిపిల్ల పక్కన వాడుకోండని మాత్రం నా నోటితో చెప్పలేను."

"ఇంతకంటే మంచిది ఉందాండీ?"

"నాకు తెలిసి లేదండి. ఇదొక్కటే."

తీసుకున్నాను. బస్సులో ఆ పెట్టె సంచిలో ఉంటే నిప్పు పట్టుకెళ్తున్నట్టే ఉంది. చిల్లకల్లు దగ్గర హైవే వదిలి బస్సు జగ్గయ్యపేట దారి పట్టేదాకా ఆయన చివరి మాటే చెవుల్లో తిరిగింది. మరీ కాగితే మెత్తబడుద్ది. అంటే మరీ కాగకుండా చూసుకోవాలి. జిగురు ఎలాగూ నా చేతిలో లేదు. అది ఎక్కడ పూయాలో, బల్బుకు ఎంత దూరంలో పూయాలో నా చేతిలో ఉంది. ఇంటికొచ్చేసరికి అంతవరకూ తేల్చుకున్నాను.

పెట్టెను ముందు అనుకున్నదానికంటే వెడల్పు చేశాను. పెద్ద బల్బు తీసి చిన్నది పెట్టాను. ముందు అద్దాలు లేకుండా బల్బు వెలిగించి, కోళ్ళ మీద వేళ్ళు ఆనించి కూర్చున్నాను. వేళ్ళు ఎంతసేపైనా ఉంచగలిగిన చోటే జిగురు ఉండాలి. వేళ్ళు కాలే చోట వద్దు. తర్వాత ఉలితో కోళ్ళలో గాడి తీశాను. అద్దం ఆ గాడిలో కూర్చుంటుంది, జిగురు గాడిలోపల ఉంటుంది. ఒకవేళ జిగురు మెత్తబడినా అద్దం జారడానికి దారి లేదు. మరీ బిగించలేదు. లాంతరు చిమ్నీ బిగుతుగా కూర్చుంటే వేడికి పగులుతుంది, ఇదీ అంతేననిపించింది. రెండు ట్యూబులూ తమలపాకంత రేకుముక్క మీద కలుపుతుంటే, ఎక్కువ తక్కువ అయిపోతుందేమోనని ఊపిరి బిగబట్టాను.

ఆదివారం ప్రార్థనకు గుడికి వెళ్ళలేదు. పొద్దుటినుంచి సాయంత్రందాకా వరండాలో దీపం వెలిగించి దాని ఎదురుగా కూర్చున్నాను. అద్దం కదల్లేదు. కొత్తలో కొంచెం మందు వాసన వచ్చింది, సాయంత్రానికి పోయింది. మరిది ఆ రోజు వచ్చాడు. దీపం చుట్టూ తిరిగి చూశాడు.

"బాగుంది వదినా. నువ్వు చేసావంటే ఇంక భయం లేదు," అన్నాడు.

ఆ మాటకు మిగతావాళ్ళ భయం కూడా నా మీదే పెట్టి వెళ్ళినట్టయింది. దీపాన్ని లోపలికి తీసుకెళ్ళి, మంచం పక్కన ఎత్తుపీట మీద పెట్టాను. పాప ముఖం మీద పసుపు వెలుతురు పడింది. చెల్లెలు నా వైపు చూసి, "వెచ్చగా ఉందక్కా," అంది. అమ్మ మాత్రం ఆ దీపం దగ్గరికి ఎప్పుడూ ఒంటరిగా వెళ్ళలేదు. "కరెంటు పక్కన పిల్లను పడుకోబెట్టడం నేనెక్కడా చూళ్ళేదే," అనేది.

కొత్త సంవత్సరం వచ్చింది. పాప పాలు తాగుతోంది, కొంచెం గట్టిగా ఏడుస్తోంది. నేను రోజూ పొద్దున బస్సెక్కే ముందు అద్దాలు వేలితో నొక్కి చూసేదాన్ని. క్లాసులో ఎక్కాలు చెప్పిస్తున్నా నా మనసు ఆ గాడిలోనే ఉండేది.

సంక్రాంతి సెలవులు అయి బళ్ళు తెరిచాక ఒక మధ్యాహ్నం, మా వీధిలో ఉండే ఆయన ఒకరు బడి గుమ్మం ముందు నిలబడ్డారు. తాలూకా ఆఫీసు పనిమీద నందిగామ వస్తుంటే అమ్మ కబురు చెప్పి పంపిందట.

"మీ అమ్మగారు వెంటనే రమ్మన్నారమ్మా. దీపం పగిలిందంట."

"పాపకేమైంది?"

"నేను లోపలికెళ్ళలేదమ్మా. మీ అమ్మగారు వీధిలోకొచ్చి చెప్పారు. ఏడుస్తున్నారు."

పక్క టీచరుకు క్లాసు అప్పజెప్పానో లేదో గుర్తులేదు. బస్సులో కిటికీ ఊచ పట్టుకుని కూర్చున్నాను. హైవే మీద లారీ వెనక లారీ. బస్సు ఆగిన ప్రతిచోటా దిగి పరిగెత్తాలనిపించింది. ప్రార్థన చేద్దామంటే మాటలు రాలేదు. ఏ జిగురు వాడానో, ఎంత కలిపానో, ఏ మూల సరిగా పూయలేదో వరసగా కళ్ళముందు కనిపించింది. చిల్లకల్లు దాటాక ఏడుపొచ్చింది. పక్కనున్న ముసలావిడ ఏమైందమ్మా అని అడిగితే, "చిన్నపిల్లండీ," అని మాత్రం అనగలిగాను. ఆవిడ నా చేతి మీద చెయ్యి వేసి కూర్చుంది.

ఇంటి ముందు జనం లేరు. అది చూసి కొంచెం ధైర్యం వచ్చింది, వెంటనే మళ్ళీ పోయింది. లోపల చీకటి. కరెంటు లేదు. చెల్లెలు గదిలో అవతలి గోడకు ఆనుకుని కూర్చుంది. రవికె లోపల పాప. అమ్మ ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ వాళ్ళిద్దరికీ కప్పింది.

"బతికే ఉంది," అంది చెల్లెలు. "చల్లబడింది, ఇప్పుడు మళ్ళీ వెచ్చబడుతోంది. నువ్వు ముందు కూర్చో అక్కా."

కూర్చోలేదు, కూలబడ్డాను. పాప కాలు పట్టుకుని చూశాను. ఎక్కడా గీత కూడా లేదు.

జరిగింది ఇదట. పగలు పొలాల్లో మోటార్లు నడుస్తుంటే మా వీధిలో ఓల్టేజీ తక్కువగా ఉండేది, బల్బు మసకగా వెలిగేది. ఆ రోజు మోటార్ల లైను తీసేయగానే ఓల్టేజీ ఒక్కసారి పెరిగింది. బల్బు తెల్లగా వెలిగి ఫట్టుమని పేలింది. ఆ తర్వాత కరెంటే పోయింది. గది బయట ఉన్న అమ్మకు చప్పుడు వినపడింది, లోపల చీకటైంది, అంతే. పిల్లను చూసే ధైర్యం లేక వీధిలోకి పరిగెత్తి కనపడినాయనకు కబురు చెప్పింది.

దీపం దగ్గరికి వెళ్ళి చూశాను. ముందు అద్దం ఆ మూలనుంచి ఈ మూలకు పగిలింది. కానీ ఒక్క ముక్క ఊడలేదు. గాడిలో, జిగురులో ఇరుక్కుని అలాగే నిలబడి ఉంది. బల్బు ముక్కలన్నీ పెట్టె అడుగున ఉన్నాయి. నా గుండె అప్పుడు కుదుటపడింది. మంచం మీది దుప్పటి సర్దుదామని చెయ్యి వేస్తే ఏదో తళుక్కుమంది. వేలి గోరంత బల్బు ముక్క, పైన వదిలిన ఖాళీలోంచి ఎగిరి పడింది. సరిగ్గా పాప తల ఉండాల్సిన చోట.

"ఇక్కడ లేదా పాప?" అన్నాను.

"పాలిస్తున్నా," అంది చెల్లెలు.

ఆ ముక్కను అమ్మకు చూపించలేదు. పెరట్లో గొయ్యి తీసి పాతిపెట్టాను. పాత జల్లెడ కోసి దీపం పైన ఆ వల బిగించాను, పగిలిన అద్దం మార్చాను, మళ్ళీ ఆ రెండు ట్యూబులే కలిపాను. చేయడానికి చెయ్యి రాలేదు గానీ చలి ఇంకా తగ్గలేదు. ఆ చలికాలం గడిచేదాకా ప్రతి సాయంత్రం బస్సు దిగి మా వీధి మలుపు తిరగాలంటే నా కాళ్ళు వెనక్కి లాగేవి.

ఫిబ్రవరి చివర్లో డాక్టరమ్మ పాపను తూచి, "ఇంక బల్బు అక్కర్లేదు, గాలి తగలనివ్వండి," అంది. మార్చిలో చెల్లెలు పాపను తీసుకుని మైలవరం వెళ్ళిపోయింది.

చాలా ఏళ్ళకు, పాప రెండు జడలతో బడికి వెళ్తున్న రోజుల్లో, వేసవి సెలవులకు నేను మైలవరం వెళ్ళాను. చెల్లెలూ నేనూ వాకిట్లో కూర్చుని మామిడికాయ ముక్కలు తుడుస్తున్నాం. ఏదో మాటల్లో ఆ చలికాలం సంగతి వచ్చింది. ఆ జిగురే లేకపోతే ఆ రోజు ఏమయ్యేదో అన్నాను.

చెల్లెలు కాసేపు ముక్క తుడుస్తూనే ఉంది.

"ఆ రోజు నేను పాలివ్వట్లేదక్కా," అంది.

"మరి?"

"నువ్వు బస్సెక్కగానే రోజూ మంచం అవతలి గోడకి జరుపుకునేదాన్ని. దీపం ఇంత దూరంలో ఉండేది. పాపను నా మీదే పెట్టుకునేదాన్ని. సాయంత్రం నువ్వొచ్చే వేళకి మళ్ళీ మంచం లాక్కొచ్చి పెట్టేసేదాన్ని. ఆ రోజు పొద్దున మంచం లాగే ఓపిక లేక, పాపను ఎత్తుకుని గోడ దగ్గరికి పోయి కూర్చున్నా."

"ఎందుకే?"

"భయం. ఆ అద్దాలు చూస్తే నాకు ప్రాణం పోయేది. నువ్వు అన్ని రోజులు కష్టపడి చేసావు, చెప్తే బాధపడతావని చెప్పలా."

నా చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. పిల్లకు ఆ చలికాలం వేడినిచ్చింది నా దీపమో, మా చెల్లెలి శరీరమో ఇప్పటికీ నాకు తెలియదు. కోపం రాలేదు. పగలంతా ఆ అద్దం పక్కన పాప లేదని తెలిసి, ఇన్నేళ్ళ తర్వాత కూడా, గుండెల మీదనుంచి ఏదో దిగినట్టయింది.

"నాకూ భయంగానే ఉండేదే," అన్నాను.

"తెలుసులే. రోజూ పొద్దున్నే వెళ్ళి వేలితో నొక్కి చూసేదానివిగా. పడుకున్నట్టు కళ్ళు మూసుకుని చూస్తూ ఉండేదాన్ని."

ఇద్దరం మళ్ళీ గుడ్డలు అందుకున్నాం. ముక్కలింకా చాలా ఉన్నాయి, ఎండ వాకిట్లోకి వచ్చేస్తోంది.